అమెరికాలో డిగ్రీ: చిన్న కాలేజీయా, పెద్ద యూనివర్సిటీయా?

పోయిన ఏప్రిల్లో, కాలువలు కట్టేసిన వారం, అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయికి అమెరికాలో రెండు చోట్ల సీటొచ్చిందే. ఒకటి యూనివర్సిటీ, రెండోది ఉత్త కాలేజీయట. కాలేజీ వాళ్లు డబ్బులు ఎక్కువిస్తామంటున్నారు. యూనివర్సిటీ ఉండగా కాలేజీకి ఎవరన్నా పోతారా?" వెనకాల మేనకోడలు ఏదో అరుస్తోంది. అన్నయ్యకి ముమ్మిడివరం దగ్గర వెనామీ చెరువులున్నాయి. రొయ్యని చేతిలోకి తీసుకుంటే కౌంట్ ఎంతో, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తాడు. ఈ బేరం మాత్రం ఆయనకి అంతుపట్టలేదు.

ఆ నెలంతా మా ఇంట్లో నడిచిన వాదనల్లోంచీ, నేను అక్కడ ఎమ్మెస్ చేస్తూ డిగ్రీ పిల్లలకి ల్యాబ్ చెప్పిన రోజుల్లోంచీ తేలిన సంగతులివి. ఎమ్మెస్‌కి పంపడం మన గోదావరి జిల్లాల వాళ్లకి కొట్టినపిండి. ఇంటర్ అవగానే డిగ్రీకి పంపడం వేరే వ్యవహారం. ఆ అనుభవం దీనికి సగమే పనికొస్తుంది, ఒక్కోసారి తప్పుదారి కూడా పట్టిస్తుంది.

ముందు ఆ "ఉత్త కాలేజీ" మాట తేల్చాలి. మన దగ్గర కాలేజీ అంటే యూనివర్సిటీ కింద ఉండేది. అమలాపురంలో చదివినా భీమవరంలో చదివినా పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. అమెరికాలో ఆ లెక్క లేదు. విలియమ్స్, అమ్హెర్స్ట్, స్వార్త్‌మోర్, పొమోనా, గ్రిన్నెల్ లాంటి కాలేజీలు ఎవరికీ అనుబంధం కావు, వాటి పట్టా అవే ఇస్తాయి. వాటి పని దాదాపుగా నాలుగేళ్ల డిగ్రీ వరకే. పీహెచ్‌డీ పిల్లలుండరు. వీటినే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. ఆ "ఆర్ట్స్" చూసి వదిన బొమ్మలు వేయడం నేర్పుతారేమో అనుకుంది. మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పట్లేదా? ఇదీ అంతే. లెక్కలు, బయాలజీ, ఎకనామిక్స్, చరిత్ర అన్నీ ఉంటాయి. ఏది మేజరో, అంటే ప్రధాన సబ్జెక్టో, రెండో ఏడాది చివర చెప్పినా సరిపోతుంది.

రీసెర్చ్ యూనివర్సిటీ అంటే పరిశోధనే ప్రధానంగా నడిచేది. వాటిలో పరిశోధన బాగా ఎక్కువగా జరిగేవాటిని కార్నెగీ వర్గీకరణలో (అమెరికా కాలేజీల్ని, యూనివర్సిటీల్ని తరగతులుగా విడదీసే జాబితా) "ఆర్1" అంటారు. ఒహాయో స్టేట్ కొలంబస్ క్యాంపస్‌లో దాదాపు 60 వేల మంది చదువుతారు, అంటే మన అమలాపురం పట్టణమంత. గ్రిన్నెల్లో దాదాపు 1,700 మంది, అంటే మన ఓ మోస్తరు పల్లెటూరంత.

పల్లె మంచిదా, పట్నం మంచిదా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? డెల్టాలో పుట్టినవాళ్లం కనుక నాకు ఈ సంగతి ఇలా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఎంతున్నాయని పేపర్లో వేస్తారు. శివారు రైతు అడిగేది అది కాదు, దాళ్వాకి మా బోదెలోకి ఎన్ని రోజులకోసారి వస్తుందని. ర్యాంకులు, నోబెల్ బహుమతులు, వందల కోట్ల గ్రాంట్లు ఇవన్నీ బ్యారేజీ దగ్గరి నీటిమట్టం లాంటివి. మొదటి ఏడాది పిల్ల కూర్చునేది శివారులో.

నేను దిద్దిన పుస్తకం

నేను చదివింది పెద్ద స్టేట్ యూనివర్సిటీలో. ఫీజు కట్టే శక్తి లేక టీచింగ్ అసిస్టెంట్‌గా చేరాను. జనరల్ కెమిస్ట్రీ క్లాసులో 300 మందికి పైగా ఉండేవాళ్లు. ప్రొఫెసర్ గారు మంచి పేరున్న మనిషి, పాఠం కూడా బాగా చెప్పేవారు. కానీ ల్యాబ్ నడిపేది, పుస్తకాలు దిద్దేది, పిల్లలు ఏడిస్తే ఊరుకోబెట్టేది మేం. కాకినాడ నుంచి దిగి రెండు నెలలు కాలేదు, నా ఇంగ్లీషు వాళ్లకి సగమే అర్థమయ్యేది. నాకు మూడు సెక్షన్లు, సెక్షన్‌కి 24 మంది. ఆదివారం రాత్రి 72 ల్యాబ్ పుస్తకాలు.

ఒకసారి టైట్రేషన్ పుస్తకం దిద్దుతున్నాను. ఓ పిల్ల మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసింది: "గులాబీ రంగు వచ్చి, కాసేపటికి మళ్లీ పోతోంది. నేను తప్పు చేశానా, లేక ఫ్లాస్క్‌లోకి ఏదైనా చేరుతోందా?" గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగితే, అందులో వేసే ఫినాఫ్తలీన్ అనే సూచిక రంగు పోతుంది. ఎంత చక్కటి ప్రశ్న! కానీ నాకిచ్చిన మార్కుల పట్టికలో యూనిట్లకి రెండు, పట్టికకి మూడు, తుది జవాబుకి అయిదు ఉన్నాయి, ప్రశ్నకి గడి లేదు. పుస్తకానికి నాలుగు నిమిషాలకి మించి పెడితే తెల్లారిపోతుంది. టిక్కు పెట్టి తిప్పేశాను. ఆ పిల్ల తర్వాత సైన్స్‌లో ఉందో లేదో నాకు తెలీదు, ఆమె పేరు కూడా గుర్తులేదు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఏర్పాటే అది. ఆర్1 ప్రొఫెసర్‌కి ప్రమోషన్ వచ్చేది పేపర్లకి, గ్రాంట్లకి. ఆయన కింద పీహెచ్‌డీ పిల్లలుంటారు, పోస్ట్‌డాక్‌లుంటారు, (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లు), ఆయన రోజు వాళ్లకే సరిపోతుంది. చిన్న కాలేజీలో పీహెచ్‌డీ పిల్లలు లేరు కనుక ప్రొఫెసర్‌కి ల్యాబ్‌లో చేతిసాయం కావాలంటే డిగ్రీ పిల్లల్నే పట్టుకోవాలి. పరిశోధన చిన్నదైనా, పిల్ల చేతికి పైపెట్ మొదటి రెండేళ్లలోనే వస్తుంది.

"చిన్న కాలేజీలో చదివితే సైంటిస్టులవుతారా?" అని అన్నయ్య అడిగాడు. 1989లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న థామస్ చెక్ గ్రిన్నెల్లో చదివాడు. 2020లో అదే బహుమతి పంచుకున్న జెన్నిఫర్ డౌడ్నా పొమోనా కాలేజీలో 1985లో డిగ్రీ పూర్తి చేసింది, తర్వాత చెక్ ల్యాబ్‌లోనే పోస్ట్‌డాక్ చేసింది. ఇద్దరూ పీహెచ్‌డీకి మాత్రం పెద్ద యూనివర్సిటీలకే వెళ్లారని మరిచిపోకూడదు. నేను చూసే వరస కూడా అదే. బీజం చిన్న మడిలో, నాట్లు పెద్ద చేలో.

అయితే పెద్ద యూనివర్సిటీ ఎవరికి?

తనకేం కావాలో ముందే తెలిసిన పిల్లకి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివాక హార్వర్డ్ వెళ్లారు. 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఆ పద్ధతికి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరే. అలాంటి మనిషికి పెద్ద ల్యాబ్ కావాలి, మార్జిన్ ప్రశ్నలకి జవాబు చెప్పేవాళ్లు అక్కర్లేదు.

పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఏరోస్పేస్ తప్ప ఇంకోటి చదవనని భీష్మించుక్కూర్చుంటే చిన్న కాలేజీ వైపు చూడకండి. చాలా చిన్న కాలేజీల్లో ఇంజనీరింగే ఉండదు. స్వార్త్‌మోర్, స్మిత్, లఫాయెట్, హార్వీ మడ్ లాంటి కొన్నిట్లో ఉంది కానీ మెకానికల్, సివిల్ అని విడివిడి డిపార్ట్‌మెంట్ల హంగు అన్నిచోట్లా ఉండదు. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఇంకో యూనివర్సిటీలో అనే 3-2 పద్ధతి కొన్ని కాలేజీల్లో ఉంది. కాగితం మీద బావుంటుంది. అయిదో ఏడాది ఫీజు ఎవరు కడతారో, ఆ రెండో చోట సాయం ఇస్తారో ఇవ్వరో తేల్చుకోకుండా దాన్ని నమ్ముకోవద్దు.

పాఠాల సంఖ్యలోనూ పెద్దదే పైచేయి. చిన్న కాలేజీలో వైరాలజీ చెప్పేది ఒక్కరే ఉంటారు. ఆయన ఏడాది సెలవు మీద వెళ్తే ఆ పాఠం ఆ ఏడు లేదు. పెద్దచోట పీజీ క్లాసుల్లో కూడా కూర్చోవచ్చు. కంప్యూటర్ సైన్స్ సంగతి ప్రత్యేకం. ఇలినాయ్ అర్బానా-షాంపేన్, సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లాంటి చోట్ల వేరే మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారదామంటే మహా కష్టం. "ముందు సీటు తెచ్చుకో, లోపలికెళ్లాక మారొచ్చు" అనే సలహా మన కన్సల్టెన్సీల్లో మంచినీళ్లలా పోస్తారు. తాగకండి. చిన్న కాలేజీల్లో మారడం తేలిక. అయితే అక్కడా సీఎస్ క్లాసులు కిక్కిరిసి ఉంటున్నాయి.

పెద్ద యూనివర్సిటీల్లోనే ఆనర్స్ కాలేజీలని ఉంటాయి. అరిజోనా స్టేట్‌లో బ్యారెట్, పెన్ స్టేట్‌లో ష్రయర్ అలాంటివే. చిన్న క్లాసులు, చివర్లో థీసిస్. మార్కులు బావున్న పిల్లలు దానికి తప్పక దరఖాస్తు పెట్టాలి. మధ్యేమార్గాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

డబ్బులు

ఇక్కడ నిదానంగా చదవండి. మన వాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

పేరున్న చిన్న కాలేజీ ప్రకటించే ఖర్చు ఫీజు, గది, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్ల పైమాటే. రూపాయల్లో దాదాపు 70 లక్షలు. అది చూసి అన్నయ్య ల్యాప్‌టాప్ మూసేశాడు. కానీ ఆ అంకె అందరూ కట్టేది కాదు. ఈ కాలేజీల్లో చాలావాటికి పెద్ద నిధులున్నాయి, కుటుంబం ఎంత కట్టగలదో చూసి మిగతాది సాయంగా ఇస్తాయి. ఆ సాయం మార్కులకి కాదు, అవసరానికి. స్టేట్ యూనివర్సిటీల అసలు ఖర్చు తక్కువ, కానీ విదేశీ డిగ్రీ పిల్లలకి అవసరాన్ని బట్టి సాయం చేయడం వాటిలో అరుదు. మార్కులకి కొంత స్కాలర్‌షిప్ ఇచ్చి ఊరుకుంటాయి. మా ఇంట్లో చివరికి తేలిన లెక్క ఇది: చిన్న కాలేజీకి ఏడాదికి 21 వేల డాలర్లు, యూనివర్సిటీకి 43 వేలు. బోర్డు మీద ధర వేరు, కాటా దగ్గర ధర వేరు అని రొయ్యలమ్మే మనిషికి మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

దీనికో మెలిక ఉంది. అమ్హెర్స్ట్, బౌడిన్, హార్వర్డ్, ఎంఐటీ లాంటి వేళ్లమీద లెక్కపెట్టగల చోట్ల తప్ప, విదేశీ పిల్లలు సాయం అడిగారా లేదా అన్నది సీటు మీద ప్రభావం చూపుతుంది. అందుకని కొందరు "ఇప్పుడు అడక్కండి, చేరాక అడుగుదాం" అంటారు. చాలా కాలేజీల్లో చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థి తర్వాత అడగడానికి వీల్లేదు. నాలుగేళ్లూ పూర్తి ఫీజు కట్టాల్సిందే. అలాగే ఎర్లీ డెసిషన్‌లో పెడితే, అంటే సీటిస్తే చేరతామని ముందే ఒక్కచోటికి మాటిస్తే, రెండు చోట్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. మేం ఆ మాట ఇవ్వక్కర్లేని రెగ్యులర్‌లోనే పెట్టాం.

సాయానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపాలి. ఉద్యోగస్తులకి తేలిక. మన చెరువుల వాళ్లకి నరకం. ఏడాదికి ఇన్ని పంటలు, ఒకదాంట్లో వైట్ స్పాట్ జబ్బు వచ్చి మొత్తం పోయింది, రెండెకరాలు లీజు, మేత బాకీ, బ్యాంకు అప్పు: ఇవి ఆ గళ్లలో పట్టవు. మేం విడిగా రెండు పేజీల ఉత్తరం రాసి, సీఏ గారి చేత లెక్కలు ధ్రువీకరించి జత చేశాం. పొలం విలువ చూసి కోటీశ్వరులనుకునే ప్రమాదం ఉంది. ఆ భూమి మీద ఆదాయం ఎంతో, తాకట్టు ఎంతో స్పష్టంగా రాయండి.

మేం మొదట వెళ్లిన కన్సల్టెన్సీ ఇచ్చిన జాబితాలో ఒక్క చిన్న కాలేజీ పేరూ లేదు. అడిగితే "అవి మనవాళ్లకి సెట్ కావు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. గట్టి ఎంపికుండే చిన్న కాలేజీలు ఏజెంట్లకి కమీషన్ ఇచ్చి పిల్లల్ని తెచ్చుకోవు మరి. సెట్ కానిది ఎవరికో అర్థం చేసుకోవచ్చు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అమెరికాలో డిగ్రీ పిల్లలకి వేసవి పరిశోధనకి పేరున్నవి ఎన్ఎస్ఎఫ్ (సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఆర్ఈయూ కార్యక్రమాలు. అవి పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకే. మన పిల్లలకి రావు. కాబట్టి కాలేజీ సొంత డబ్బుతో వేసవిలో పరిశోధన చేయనిస్తుందా, అది విదేశీ విద్యార్థులకీ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. నా లెక్కలో ఇది ర్యాంకు కంటే ముఖ్యం.

ఉద్యోగం విషయంలో వీసా చట్టానికి చిన్నా పెద్దా తేడా లేదు. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పని చేసుకునే అనుమతి, ఏడాది; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే అదనంగా 24 నెలలు. చూడాల్సింది కోర్సు కోడ్. ఎకనామిక్స్ అదే పేరుతో ఉన్నా ఒక కాలేజీలో స్టెమ్ కోడ్ కింద, ఇంకోచోట మామూలు కోడ్ కింద ఉండొచ్చు. నిబంధనలు మారుతుంటాయి గనక దరఖాస్తు పెట్టే ఏడాది మళ్లీ చూసుకోవాలి. క్యాంపస్‌కి కంపెనీలు రావడం మాత్రం పెద్దచోట బాగా ఎక్కువ. చిన్నచోట పాత విద్యార్థుల్ని పట్టుకుని మనమే వెళ్లాలి, మొహమాటం ఉన్న పిల్లలకి అది ఇబ్బందే.

తిండి, మనుషులు, పేరు

పెద్ద యూనివర్సిటీలో మన వాళ్లు దొరుకుతారు. నలుగురు కలిసి ఇల్లు తీసుకుని వంతులేసుకుని వండుకుంటారు. వినాయక చవితి చేస్తారు. చిన్న కాలేజీలో మెస్ తప్పనిసరి, తెలుగు మాట్లాడే మనిషి ఇంకొకరు ఉంటే అదృష్టం. చుట్టూ మొక్కజొన్న చేలు, కారు లేకపోతే కదల్లేరు, చలికాలం నాలుగున్నరకే చీకటి. బెంగ పెట్టుకునే పిల్లయితే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పేరు సంగతి సరే. గ్రిన్నెల్ అంటే పెళ్లిళ్లలో ఎవరికీ తెలీదు. "అదెక్కడండీ, డల్లాస్ దగ్గరా?" అని అడుగుతారు. పీహెచ్‌డీ సీట్లిచ్చే వాళ్లకి తెలుస్తుంది, అది చాలు.

చదువు తీరుకి మాత్రం సిద్ధపడాలి. మన ఇంటర్ పిల్లలు బిట్ పేపర్లలో పండిపోయిన వాళ్లు. మేనకోడలు మార్చిలో చిన్న కాలేజీ క్లాసొకటి ఆన్‌లైన్‌లో చూసింది. అక్కడ పగలు పదకొండు, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. సిగ్నల్ కోసం వీధరుగు మీద కూర్చుంది, చెరువుల వైపు నుంచి ఏరియేటర్ల మోత. బల్ల చుట్టూ పన్నెండు మంది. ప్రొఫెసర్ ఉన్నట్టుండి దీన్నే అడిగింది, ఈ పేరాలో రచయిత ఎక్కడ తప్పాడని. మా పిల్లకి నోట మాట రాలేదు. ఆవిడ ఆగింది. ఇంకా ఆగింది. మన దగ్గరయితే "కూర్చో" అని పక్కవాణ్ణి అడిగేవాళ్లు. చివరికి ఏదో రెండు ముక్కలు చెప్పింది. "మళ్లీ చెప్పు, రెండో మాట దగ్గర నుంచి" అందావిడ. ఆ రాత్రి పిల్ల నిద్రపోలేదు, భయంతోనో సంతోషంతోనో నేను అడగలేదు. వారానికి వంద పేజీలు చదవడం, అయిదు పేజీలు రాయడం అక్కడ మామూలు. మొదటి సెమిస్టర్ ఏడుస్తారు.

అమెరికా వద్దు, మన దేశంలోనే అనుకునే వాళ్లకి రెండు మాటలు. సోనీపట్‌లో అశోకా, శ్రీసిటీలో క్రియా, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ ఈ చిన్న కాలేజీల పద్ధతికి దగ్గర. మొదటి రెండింటి ఫీజు ఎక్కువ, కానీ సాయం అడగొచ్చు. సైన్స్ మీద మనసున్న పిల్లయితే నా ఓటు వాటికి కాదు, 2015లో మొదలైన తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) లాంటి వాటికి. బ్యాచ్ చిన్నది, చివరి ఏడాదంతా పరిశోధన, ఫీజు ప్రభుత్వ సంస్థల స్థాయిలోనే. చిన్నదీ పెద్దదీ కలిసిన చోటు అది.

మా పిల్ల కోరిక బయాలజీ. కచ్చితంగా ఏ కొమ్మో తెలీదు కానీ, నాన్న చెరువులో పంట ఎందుకు చచ్చిపోతుందో తెలుసుకోవాలని ఉంది. నిజానికి ఆక్వాకల్చర్ చదవాలంటే ఆబర్న్ లాంటి పెద్ద యూనివర్సిటీలో దానికి ఏకంగా ఒక స్కూలే ఉంది, ఏ చిన్న కాలేజీలోనూ అంత హంగుండదు. అది ఎమ్మెస్‌కి ఉంచుకోవచ్చని నేనన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. రెండు చోట్ల బయాలజీ డిపార్ట్‌మెంట్లకీ ఒకే ఉత్తరం రాసింది: రొయ్యల జబ్బుల మీద పని చేయాలనుంది, మొదటి ఏడాది పిల్లకి ల్యాబ్‌లో చోటిస్తారా అని. మీరూ ఇదే చేయండి, ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలీదు.

యూనివర్సిటీ ఆఫీసు నుంచి మర్యాదగా జవాబొచ్చింది, ఒక లింకు, రెండో ఏడాది తర్వాత దరఖాస్తు పెట్టుకోమని. చిన్న కాలేజీ నుంచి ప్రొఫెసర్ స్వయంగా రాశాడు. మా దగ్గర సముద్రమూ లేదు, రొయ్యా లేదు, పక్క వాగులో క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవులు) ఉన్నాయి, వాటి పరాన్నజీవుల మీద ఇద్దరు పిల్లలు పని చేస్తున్నారు అని. కింద ఓ ప్రశ్న: "మీ నాన్నగారి చెరువులో జబ్బు మొదట ఏ మూల కనిపిస్తుంది?"

పిల్లకి తెలీదు. ఫోన్ పట్టుకుని చెరువు దగ్గరికి పరిగెత్తింది. అన్నయ్య మేత చల్లించడం ఆపి, "వాళ్లా అడిగారు?" అన్నాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని పుల్లతో మట్టిలో చెరువు గీశాడు. ఇటు గాలి, ఇక్కడ ఏరియేటర్లు, తూము ఇది, జబ్బు రొయ్య ఈ వారకి వస్తుంది, మొన్న మాత్రం ఇటు వచ్చింది, ఎందుకో నాకూ తెలీలేదు. గంటసేపు చెప్పాడు. ఆ మట్టి బొమ్మని ఫోటో తీసి పంపింది. ఏ సీటు తీసుకునేదీ చెప్పడానికి మే 1 గడువు. ఏప్రిల్ 28 రాత్రి కాలేజీకి డిపాజిట్ కట్టింది అన్నయ్య కార్డుతోనే, ఓటీపీ చదివి చెప్పింది కూడా ఆయనే.